ఎంబీబీఎస్ వెబ్ ఆప్షన్లు: విన్నదొకటి, ఉన్నదొకటి

నీట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఇంటిల్లిపాదీ కౌన్సెలర్లయిపోతారు. మేనమామ ఫోన్ చేసి ఒక కాలేజీ పేరు చెబుతాడు. కోచింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో నిరుటి లాస్ట్ ర్యాంకుల పీడీఎఫ్ తిరుగుతుంటుంది. నెట్ సెంటర్ కుర్రాడు “పోయినేడు చాలామందికి ఇలాగే పెట్టాం సార్” అని భరోసా ఇస్తాడు. రాత్రింబవళ్లు చదివి ర్యాంకు తెచ్చుకున్న పిల్ల మాత్రం వెనక నిలబడి తెర వంక చూస్తుంటుంది. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం ఐదున్నరేళ్లు అక్కడ ఉండాల్సింది తనే. ఆ గదిలో వినిపించే మాటల్లో నిజమెంతో చూద్దాం.

అపోహ: పైన గాంధీ, ఉస్మానియా పెడితే ఆప్షన్ వృథా. వచ్చే కాలేజీనే మొదట పెట్టాలి.

వాస్తవం: ఎక్కువ మందిని దెబ్బతీసేది ఈ నమ్మకమే. సీట్ల కేటాయింపులో ముందు చూసేది ర్యాంకు, ఆ తర్వాతే ఆప్షన్లు. మీ వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. గాంధీలో మీ కేటగిరీకి సీటు మిగల్లేదా, ఉస్మానియా చూస్తుంది. అక్కడా లేకపోతే వరంగల్ కాకతీయ, ఆపైన నిజామాబాద్. నాలుగోదిగా పెట్టారు కదా అని నిజామాబాద్ సీటును మీకంటే వెనక ర్యాంకు వాళ్లకు ఇచ్చేయదు. వాళ్లు దాన్ని మొదటి ఆప్షన్‌గా పెట్టుకున్నా సరే, మీ వంతే ముందు.

నష్టం జరిగేది తిరగేసి పెట్టినప్పుడు. నిజామాబాద్ పైన, కాకతీయ కింద పెట్టి, నిజామాబాద్ దొరికిందనుకోండి. కాకతీయలో సీటు ఉన్నా ఆ విడతలో కంప్యూటర్ అంతదూరం వెళ్లదు. తర్వాతి విడతలో అంతకంటే మెరుగైన ఆప్షన్‌కు మారితే పాత సీటు చేతిలోంచి పోతుంది. అందుకే ఆప్షన్ల వరస మీ ఇష్టాల వరస కావాలి. ర్యాంకుల లెక్క కంప్యూటర్ చూసుకుంటుంది. చేరే ఉద్దేశం లేని కాలేజీని జాబితాలో పెట్టొద్దు, చేరడానికి సిద్ధపడిన దాన్ని ఒక్కటీ వదలొద్దు. నాలుగైదు పేర్లతో సరిపెట్టి సీటు రాకుండా మిగిలిపోయేవాళ్లు ఏటా కనిపిస్తారు.

అపోహ: పోయినేడు ఇన్ని మార్కులకు సీటొచ్చింది, కాబట్టి మనకూ వస్తుంది.

వాస్తవం: మార్కులతో పోల్చడం ఇసుక మీద ఇల్లు కట్టడమే. 2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లు, సవరించిన ఫలితాల తర్వాత కూడా, 17 మంది. 2025లో ఫిజిక్స్ పేపర్ చుక్కలు చూపించింది, దేశంలో మొదటి ర్యాంకరుకు వచ్చినవే 686. జనరల్ అర్హత మార్కు కూడా 162 నుంచి 144కు దిగింది. కాబట్టి పోల్చాల్సింది ర్యాంకును. అదీ మీ కేటగిరీలో, మీ ప్రాంతంలో, చివరి విడత దాకా నడిచిన ర్యాంకును. మొదటి విడత లాస్ట్ ర్యాంకు చూసి గుండె జారిపోనక్కర్లేదు. సీట్లు పెరిగిన ఏడాది ఆ గీత ఇంకాస్త కిందికి జరుగుతుంది.

అపోహ: మాది ఫలానా ఊరు, కాబట్టి మేం అక్కడ లోకలే.

వాస్తవం: లోకల్ అంటే తాత ముత్తాతల ఊరు కాదు, చదివిన ఊరు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే ప్రధానం. తెలంగాణ 2024లో ఈ షరతును బిగించింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బదిలీల మీద బయట పనిచేసే కొన్ని వర్గాల ఉద్యోగుల పిల్లలకు మాత్రం మినహాయింపులున్నాయి. రాష్ట్ర విభజన చట్టం రెండు తెలుగు రాష్ట్రాలకు ఇచ్చిన పదేళ్ల ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్ 2తో ముగిసింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ) ప్రాంతం, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) ప్రాంతం అని రెండు భాగాలు. ఎస్వీయూ ప్రాంతంలోని నెల్లూరు పిల్లాణ్ణి తొమ్మిదో తరగతిలోనే విజయవాడ హాస్టల్లో వేస్తే, లెక్క ప్రకారం అతను ఏయూ లోకల్ అవుతాడు. కాలేజీల జాబితా రాసుకునే ముందు స్టడీ సర్టిఫికెట్లు ముందేసుకుని ఈ లెక్క తేల్చుకోవాలి.

అపోహ: పాత కాలేజీ అయితే బంగారం, కొత్తది అయితే దండగ.

వాస్తవం: సగం నిజం. 1923లో మొదలైన విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీకి కేజీహెచ్ ఆసుపత్రి ఉంది. గుంటూరుకు జీజీహెచ్ ఉంది. అన్ని రకాల రోగులు వచ్చే ఆసుపత్రి వార్డుల్లో నేర్చుకున్న చదువు పుస్తకంలో దొరకదు. అలాగని గోడల వయసే కొలమానం కాదు. జిల్లా ఆసుపత్రిని బోధనాసుపత్రిగా మార్చి పెట్టిన కొత్త ప్రభుత్వ కాలేజీల్లో రోగులకు కొదవ లేని చోట్లున్నాయి. మెరిసే భవనం ఉండి మంచాలు ఖాళీగా పడివుండే చోట్లూ ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం 100 సీట్ల కాలేజీకి 420 పడకలు, 150 సీట్లకు 605 పడకలు ఉండాలి. ఉన్న పడకల్లో రోగులెందరో కళ్లారా చూడాలి. మామూలు పనిదినాన ఉదయం తొమ్మిదింటికి ఓపీ దగ్గర ఒక గంట నిలబడండి. ఆపైన హౌస్ సర్జన్లను క్యాంటీన్‌లో పలకరించండి. కాన్పులు ఎన్ని చూశారు, కుట్లు మీరే వేస్తారా, స్టైపెండ్ నెలనెలా చేతికొస్తుందా అని అడగండి. బ్రోచర్లలో లేని సంగతులు వాళ్లే చెబుతారు.

అపోహ: సర్కారు కాలేజీ అంటే ప్రతి సీటూ తక్కువ ఫీజే.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్‌లో 2023లో తెరిచిన విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కాలేజీల్లో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పెట్టారు. అప్పుడు వాటికి ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై కోటాకు 20 లక్షలుగా నిర్ణయించారు. కాలేజీ పేరు పక్కన ఉండే కేటగిరీ అక్షరం చూడకుండా ఆప్షన్ నొక్కొద్దు.

అపోహ: మేనేజ్‌మెంట్ సీటంటే యాజమాన్యంతో బేరమాడుకోవడమే.

వాస్తవం: బి కేటగిరీ అనే ఈ సీట్లనూ నీట్ ర్యాంకుతోనే నింపుతారు. తెలంగాణలో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఆ కౌన్సెలింగ్ నడుపుతాయి. డీమ్డ్ వర్సిటీల సీట్లు కేంద్రంలోని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) చేతిలో ఉంటాయి. “సీటు బ్లాక్ చేసిపెడతాం” అంటూ అడ్వాన్స్ అడిగేవాడు అమ్మేది తన దగ్గర లేని సరుకు.

అపోహ: ఆల్ ఇండియా కోటాలో ఎక్కడొచ్చినా చేరిపోవచ్చు.

వాస్తవం: ప్రభుత్వ కాలేజీల్లో ఈ 15 శాతం సీట్లు మంచి అవకాశమే. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లకూ దారి ఎంసీసీయే. అయితే రాష్ట్రాన్ని బట్టి బాండ్ ఉంటుంది. మహారాష్ట్రలో ప్రభుత్వ కాలేజీలో చదివితే ఏడాది సేవ చేయాలి. పైగా కడుపు నొప్పి ఎక్కడుందో రోగి చెప్పేది మరాఠీలోనో కన్నడంలోనో. విడతలు ముదిరే కొద్దీ చేరిన సీటు వదలడమూ కష్టమవుతుంది, డిపాజిట్ పోతుంది. ఆ ఏటి నిబంధనలు చదివాకే నొక్కాలి.

అపోహ: ఇక్కడ రాకపోతే విదేశం ఉండనే ఉంది.

వాస్తవం: ఉంది, కానీ అడ్డదారి కాదు. నీట్‌లో అర్హత అక్కడికీ కావాలి. 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, అది ఇంగ్లిష్‌లో, ఆపైన అదే దేశంలో ఏడాది ఇంటర్న్‌షిప్. తిరిగొచ్చాక 300 మార్కుల అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 150 తెచ్చుకోవాలి. ఆ పరీక్షలో మూడో వంతు మంది కూడా గట్టెక్కని విడతలే ఎక్కువ. కన్సల్టెన్సీ వాళ్లు విమానం టిక్కెట్ దాకా చెబుతారు, ఈ అంకె చెప్పరు.

అపోహ: పేరున్న కాలేజీలో చదివితేనే పీజీ సీటు.

వాస్తవం: నీట్ పీజీ ప్రశ్నపత్రానికి మీ కాలేజీ పేరు తెలియదు.

ఇప్పుడు మళ్లీ ఆ నెట్ సెంటర్‌కు వెళ్దాం. వెళ్లే ముందు రోజు రాత్రి తెల్లకాగితం మీద జాబితా ఆ పిల్ల చేతనే రాయించండి. ఏది ముందు, ఎందుకు ముందు అని అడగండి. ఫీజు కట్టగలమా లేదా అన్నది మీరు చెప్పండి, మిగతాది తను చెబుతుంది. మర్నాడు ఆ కుర్చీలో కూర్చోవాల్సింది తనే. మీరు వెనక నిలబడితే చాలు.