తుపాను కన్నా ముందు తంతి

1879 నవంబరు 18న, అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఫిలిప్పీన్స్‌లోని మనీలా నగరం గగ్గోలెత్తింది. అక్కడ జెస్యూట్లనే క్యాథలిక్ గురువుల విద్యాలయంలోని అబ్జర్వేటరీ నుంచి ఫాదర్ ఫెడెరికో ఫౌరా ఒక హెచ్చరిక పంపారు. తుపాను వస్తోందని, ఈసారి నగరం మీదుగానే పోతుందని దాని సారాంశం. రేవులోంచి ఒక్క ఓడా కదలడానికి వీల్లేదని రేవు అధికారి ఆజ్ఞ జారీ చేశాడు. చెప్పినట్టే 20న తుపాను మనీలాను ఊపేసింది. ముందే సర్దుకున్నారు కాబట్టి నగరం చాలావరకు తట్టుకుంది. అదే తుపానుకు, మనీలా ఉన్న లూజాన్ దీవి దక్షిణ భాగంలో 42 ఓడలు ధ్వంసమయ్యాయి. అక్కడి రేవులకు టెలిగ్రాఫ్ తీగ లేదు, కబురు అందలేదు.

పందొమ్మిదో శతాబ్దంలో తూర్పు ఆసియా సముద్రాల తుపానుల కథంతా ఈ తేడాలోనే ఉంది. తుపాను గురించి తెలుసుకోవడం ఒక ఎత్తు. తెలిసిన సంగతి దానికన్నా ముందు రేవుకు చేరడం ఇంకో ఎత్తు.

తెలుసుకోవడమన్నది అప్పటికే చాలా దూరం వచ్చింది. తుపాను గాలి తిన్నగా వీచదని, మధ్యలో ఒక కేంద్రం చుట్టూ తిరుగుతుందని 1830ల నాటికే తేలింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ ఓడల దినచర్య పుస్తకాలు పోగుచేసి, ఏ రోజు ఏ ఓడకు గాలి ఎటునుంచి కొట్టిందో పటం మీద గుర్తిస్తూ కూర్చునేవారు. 1839 నవంబరులో మన కోరింగను ముంచిన తుపాను మీద ఆయన రాశారు. 1780 నుంచి 1841 వరకు చైనా సముద్రంలో వచ్చిన తుపానుల మీదా రాశారు. ఇక్కడి తుపానూ అక్కడి టైఫూనూ ఒకే జాతివని ఆయన పటాలు చూస్తే తెలిసిపోతుంది. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో, పారదర్శకంగా ఉండే రెండు కార్డుల మీద గాలి వలయాలు అచ్చేసి ఇచ్చారు. సరంగు ఆ కార్డును తన పటం మీద పెట్టి, తనకు వీస్తున్న గాలితో సరిపోల్చి, కేంద్రం ఎటుందో పోల్చుకునేవాడు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. తుపాను నడిచే దారికి కుడి సగం మరీ ప్రమాదం, ఎందుకంటే అక్కడ సుడిగాలి వేగానికి తుపాను నడక వేగం కూడా తోడవుతుంది.

ఇదంతా తుపానులో చిక్కుకున్న ఓడకు ఉపాయమే కానీ, రేపు తుపాను ఎక్కడుంటుందన్న ప్రశ్నకు జవాబు కాదు.

ఆ జవాబు వెతికినవాళ్లకు ఉష్ణమండలం ఒక మేలు చేసింది. ఐరోపాలో గాలి ఒత్తిడిని కొలిచే బారోమీటరు అయినదానికీ కానిదానికీ పైకీ కిందికీ పోతుంటుంది. మనీలాలో అలా కాదు. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ కాస్త పెరుగుతుంది, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ కాస్త తగ్గుతుంది. ఆ తేడా రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. రోజూ వేళకు వచ్చే పాలవాడు ఒక పూట రాకపోతే ఇంట్లో ఎలా తెలిసిపోతుందో, ఈ క్రమం తప్పినా కనిపెట్టినవాడికి అలా తెలిసిపోతుంది. సాయంత్రం తగ్గిన పాదరసం రాత్రికి మళ్లీ పెరగకపోతే ఎక్కడో ఏదో జరుగుతోందన్నమాట. ఆ తర్వాత ఆకాశం చూడాలి. తుపాను వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే దాని తలభాగం నుంచి ఈకల్లాంటి పల్చటి ఎత్తు మబ్బులు చారలుగా విచ్చుకుంటాయి. ఆ చారలన్నీ దిగంతంలో ఒకచోటికి కూడుకున్నట్టు కనిపిస్తే కేంద్రం సుమారు అటువైపే. ఆ చోటు గంటగంటకూ ఉత్తరానికి జరుగుతుంటే తుపాను పక్కనుంచి పోతుంది. కదలకుండా అక్కడే ఉంటే మన మీదికే వస్తోందని అర్థం. గాలి లేకుండానే ఒడ్డుకు పొడుగాటి అలలు కొట్టడం మూడో గుర్తు.

ఫౌరా ప్రతిభ ఈ గుర్తుల్ని కనిపెట్టడంలో కాదు, ఏళ్ల తరబడి వాటిని రాసిపెట్టి కలిపి చదవడంలో ఉంది. ఆ అబ్జర్వేటరీ 1865లో పుట్టిందే ఒక తుపాను కొలతల్ని జెస్యూట్ గురువులు నమోదు చేయడంతో. 1879 జులైలో ఫౌరా తొలి హెచ్చరిక ఇచ్చారు. 1886లో తన అనుభవమంతా గుదిగుచ్చి, నావికులు చూసి అర్థం చేసుకునేలా ఒక బారోమీటరు తయారుచేయించారు.

ఇక తీగ సంగతి. ఆ అక్షాంశాల్లో తుపాను సుడి ఎంత భయంకరంగా తిరిగినా, మొత్తంగా అది నడిచేది గంటకు పదిహేను, ఇరవై కిలోమీటర్లే. సైకిలు వేగం. మనీలా నుంచి హాంకాంగ్ సుమారు 1,100 కిలోమీటర్లు. అంటే లూజాన్ దాటిన తుపానుకు దక్షిణ చైనా తీరం చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. తంతికి నిమిషాలు చాలు. 1880లో హాంకాంగ్‌కూ లూజాన్ పడమటి తీరంలోని బోలినావ్‌కూ మధ్య సముద్రం అడుగున కేబుల్ వేశారు. అది వర్తకం కోసం వేసిన కేబుల్. కానీ తుపానులు ఎక్కువగా పసిఫిక్ నుంచి పడమరకు వస్తాయి కాబట్టి, ఆ దారిలో ముందు నిలబడ్డ మనీలా ఒక్కసారిగా తీరమంతటికీ కాపలా గోపురమైపోయింది.

ఉత్తరాన షాంఘైలో జికావే అబ్జర్వేటరీ నడిపిందీ జెస్యూట్లే, వీళ్లు ఫ్రెంచివాళ్లు. 1879 జులై 31 నాటి తుపాను మీద ఫాదర్ మార్క్ డెషెవ్రెన్స్ రాసిన పరిశోధన చదివాక అక్కడి వర్తకులకు తుపాను కబుర్ల విలువ తెలిసింది. చైనా సముద్ర కస్టమ్స్ శాఖకు అధిపతి రాబర్ట్ హార్ట్ అనే ఐరిష్‌వాడు. ఆయన కింది కస్టమ్స్ కచేరీలూ లైట్‌హౌసులూ బారోమీటరు అంకెలు జికావేకు పంపేవి. టెలిగ్రాఫ్ కంపెనీలు వాతావరణ తంతులకు రుసుము తీసుకునేవి కావు. దయతో కాదనుకుంటాను. ఆ కంపెనీల ఖాతాదారులు ఓడల యజమానులే కదా. జపాన్‌లో జర్మన్ దేశస్థుడు ఎర్విన్ క్నిపింగ్ 1883లో రోజువారీ వాతావరణ పటాలు మొదలుపెట్టారు.

అదే 1883లో హాంకాంగ్ అబ్జర్వేటరీ తెరిచారు. దానికి అధిపతిగా వచ్చినవారు విలియం డోబెర్క్. డెన్మార్క్ దేశస్థుడు, అంతకుముందు ఐర్లండులో జంట నక్షత్రాలు చూసుకుంటూ ఉన్న ఖగోళ శాస్త్రవేత్త. మరుసటి ఏడాది నుంచి స్తంభం మీద సంకేతాలు ఎగరేశారు. డోలు ఆకారం ఎగిరితే తుపాను తూర్పున, బంతి అయితే పడమట, శంకువు మొన పైకుంటే ఉత్తరాన, కిందికుంటే దక్షిణాన ఉన్నట్టు. విశాఖ, కాకినాడ రేవుల్లో ఒకటో నంబరు, మూడో నంబరు ప్రమాద సూచికలు వింటూ పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. ఊరి జనానికి మాత్రం ఫిరంగి పేల్చేవారు, తుపాను గన్ను అని దాని పేరు.

డోబెర్క్‌కు మనీలా జెస్యూట్లంటే గిట్టేది కాదు. వాళ్ల హెచ్చరికలు అనవసరంగా కంగారు పెడతాయని ఆయన అభియోగం. దీన్ని ఉత్త అసూయగా కొట్టేయడం తేలికే కానీ న్యాయం కాదు. తప్పుడు హెచ్చరికకు ఖర్చుంది. ఓడలు కదలవు, సరుకు దిగదు, రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరూ లెక్కచేయరు. అయితే తుపానును ముందుగా చూసేవాళ్ల నోరు నొక్కడం ఆ జబ్బుకు మందు కాదు. 1898లో మనీలా అమెరికా చేతికి వచ్చింది. డోబెర్క్ వాషింగ్టన్‌లోని వాతావరణ శాఖకు ఫిర్యాదు రాశారు. 1899లో మనీలా నుంచి బయటి రేవులకు హెచ్చరికలు పంపవద్దని ఉత్తర్వు వచ్చింది. ఫౌరా 1897లో చనిపోగా ఆయన స్థానంలోకి వచ్చిన ఫాదర్ హోసె అల్గే పాత రికార్డులు ముందుపెట్టి వాదించారు. హాంకాంగ్ పత్రికలూ ఓడల మనుషులూ కూడా మనీలా పక్షమే వహించారు. ఉత్తర్వు ఎత్తేశారు.

మనీలా చూడగలిగినదానికీ ఒక హద్దుంది. 1906 సెప్టెంబరు 18 ఉదయం హాంకాంగ్‌ను తాకిన తుపాను చాలా చిన్నది, బిగుతుగా చుట్టుకున్నది. దగ్గరికి వచ్చేదాకా బారోమీటర్లు పెద్దగా కదల్లేదు. గన్ను పేలిన కాసేపటికే గాలి విరుచుకుపడింది. దాదాపు 10,000 మంది చనిపోయారు, ఎక్కువమంది పడవల్లో బతికేవాళ్లు. అబ్జర్వేటరీ అంతకన్నా ముందు చెప్పగలిగేది కాదని విచారణ సంఘం తేల్చింది. ఒడ్డు మీద తీగలు ఎన్ని వేసినా, నడిసముద్రంలో ఆ తుపానును చూసిన ఓడ ఏదైనా ఉంటే అది రేవు చేరేదాకా ఆ సంగతి చెప్పే సాధనం లేదు. 1907లో గన్ను స్థానంలో ఇంకా దూరం వినిపించే బాంబులు పెట్టారు. డోబెర్క్ ఆ ఏడాదే ఉద్యోగం నుంచి విరమించుకున్నారు.