మీకు తెలుసా? పాటతో పొట్ట పోసుకునే పల్నాటి లెక్కలు

● ఒకప్పుడు ఊళ్లో పాడే హక్కును అన్నదమ్ములు పొలంలాగే పంచుకునేవారు. ఆశ్రిత కులాల కళాకారుల్లో ఏ ఊరు ఏ కుటుంబానిదో ముందే తేలి ఉండేది. దాని పేరు మిరాశీ. ఇంకొకరి మిరాశీ ఊళ్లో కథ చెబితే కులపెద్దల దగ్గర తగువే!

● కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల ఉత్సవాలు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ వీరుల కథ పాడేది వీరవిద్యావంతులు. వారిలో ఒకరైన అలిశెట్టి గాలెయ్య పాడిన కథను జీన్ రోగేర్ అనే పరిశోధకుడు 1970ల్లో రికార్డు చేసుకున్నారు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ వారు అచ్చేశారు.

● పద్యనాటకంలో ఒప్పుకున్న డబ్బు ఒకటైతే, చదివింపులు ఇంకొకటి. కాటిసీనులో రాగం పైస్థాయిలో నిలిచిందా, వన్స్‌మోర్! ఎవరో ఒకాయన కండువా సర్దుకుంటూ స్టేజీ ఎక్కి పిన్నీసుతో నోటు గుచ్చుతాడు. రాజ్యమంతా పోయి కాటికాపరిగా నిలబడ్డ హరిశ్చంద్రుడి గుండెల మీద ఐదొందల నోటు! మైకులో దాత పేరు, ఇంటిపేరుతో సహా. రాత్రంతా వేళ్లు అరగదీసుకున్న హార్మోనిస్టు వైపు మాత్రం ఎవరూ పెద్దగా చూడరు. ఇది నాకెప్పుడూ నచ్చదు.

● ఆ కాటిసీనే యూట్యూబులో పెడదామనుకుంటే ఇంకో చిక్కు. మన దేశంలో రచనపై హక్కు కవి పోయాక 60 ఏళ్లు ఉంటుంది. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు కనుక ఆయన పద్యాలు 2014 నుంచి అందరివీ. అదే సీనులో పాడే జాషువా పద్యాలు? మన వినుకొండ కవి 1971లో పోయారు. 2031 చివరిదాకా ఆగాలి, లేదా అనుమతి తీసుకోవాలి.

● యూట్యూబు ప్రకటనల్లో వాటా ఇవ్వాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి (షార్ట్స్ లెక్క వేరు). అంటే ఐదు నిమిషాల పాటను 48,000 సార్లు చివరిదాకా చూడాలి. అప్పుడు మామూలు వీడియోలపై వచ్చే ప్రకటనల డబ్బులో 55 శాతం మీది.

● సొంతంగా రాసి బాణీ కట్టేవారు ఐపీఆర్‌ఎస్‌లో చేరవచ్చు. కవులకూ స్వరకర్తలకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఈ సంస్థ 1969లో పుట్టింది. సినిమాకు రాసిన పాటైనా, సినిమా హాలు బయట వాడితే వచ్చే రాయల్టీలో కవికీ స్వరకర్తకూ హక్కులు రాయించుకున్నవారితో సమాన వాటా ఉండాలని కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ చెప్పింది. ఆ వాటాను రాసిచ్చేసినా చెల్లదు.

● డప్పు కళాకారులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జులై నుంచి ఇస్తున్న పింఛను నెలకు 4,000 రూపాయలు.

● 1998లో సంగీత కళానిధి అందుకున్న షేక్ చిన మౌలానా నాదస్వరం నేర్చింది చిలకలూరిపేటలో, ఆదం సాహెబ్ దగ్గర. ఈ విద్యకు జీతం ఇచ్చేది పంచాంగం. ముహూర్తాలుంటే తీరిక లేదు, మూఢం వస్తే సన్నాయి గూటికే. అందుకే పెళ్లివారికి ఒక మాట: తాళి కట్టిన పూటే మేళం వారి లెక్క తేల్చేయండి, అప్పగింతల దాకా కూర్చోబెట్టకండి.