మెట్టచేలలో ఉలవ

గుంతకల్లు ప్రాంతపు రైతునకు ఉలవను గూర్చి చెప్పవలసిన దేమున్నదని కొందఱడుగవచ్చును. నిజమే. అయినను నిత్యము కంటబడు వస్తువునందే మనకు ఉపేక్ష యెక్కువ. జిల్లాలో సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. వేరుసెనగకు అదను తప్పి చేను బీడుపడిన యేట మనకు మిగులునది ఈ తీగయే. మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలలో నొక్క పదను దొరకెనా, ఎకరమునకు 8 నుండి 10 కిలోల విత్తనముతో పని గడచును. మరీ ముందుగా చల్లినచో తీగ బలిసి కాపు తగ్గును. పశుగ్రాసము కోరువారికి మాత్ర మదియే లాభము.

ఈ పైరు మన సీమకు నిన్న మొన్న వచ్చినది కాదు. పొరుగున బళ్లారి చెంత సంగనకల్లు త్రవ్వకములలో క్రొత్తరాతియుగపు జనులు వాడిన ఉలవగింజలు బొగ్గు రూపమున దొరకినవి. నేలమీద ప్రాకి చేనును కప్పుటచే ఎండకు తేమ యిగురదు, వానకు మన్ను కొట్టుకొని పోదు. వేళ్లబుడిపెలు గాలిలోని నత్రజనిని భూమికి చేర్చును.

ఇక ఇంటి వాడుక. ఉలవలను రాత్రి నానబెట్టి, మఱునాడు మెత్తగా నుడికించి, కట్టు వేఱుచేసి, చింతపండు, మిరప, ఉల్లి చేర్చి సన్నసెగను మరగించిన చారు మన యిండ్ల కెఱుకయే. దానినే పట్టణపు హోటళ్లలో మీగడతో వడ్డించి మంచి వెల కట్టుచున్నారు. పండించినవాని కా వెలలో నెంత చేరునో వేఱుగా చెప్పనక్కఱలేదు! ఉడికిన గింజ తాలింపుతో గుగ్గిళ్లగును, లేదా దుక్కిటెద్దులకు దాణాయగును. పొట్టు పశువులకు మేత. గింజలో నూటికి 22 పాళ్ల వఱకు మాంసకృత్తు లున్నవి. మూత్రమున రాళ్లకు మందని పెద్దలు కట్టు త్రాగింతురు. నొప్పి తీవ్రమైనను వైద్యుని చూడక దీనినే నమ్ముకొనుటను మేము హర్షింపము.

మా చింత యంతయు విత్తనమును గూర్చియే. కళ్లములో నయమునకు అమ్మి, అదనునాడు అప్పుచేసి కొనుట మన సభ్యులలో పలువురికి వాడుకైనది. వాన పడిన మూడునాళ్లలో విత్తనము చేతికందకున్న ఆ పదను ఆఱిపోవును, ఆ యేడును పోవును. కావున బండి సంతకు కదలకమునుపే ఎకరమునకు పది కిలోలు తీసి, పుచ్చులేని గింజను బాగుగా ఎండబెట్టి, జల్లించిన బూడిద కలిపి, కుండలో పోసి మూతి మెత్తి యుంచుడు.