బడి లైబ్రరీలో మన అర

గల్ఫ్‌లో నలుగురు తెలుగువాళ్లం కలిస్తే ఈ మాట రాక తప్పదు: "మా వాడు తెలుగు మాట్లాడతాడు గానీ, చదవడం రాదండీ!" తప్పంతా అమ్మానాన్నలదేనని తేల్చేసి, టీ తాగి ఇళ్లకెళ్లిపోతాం. పిల్లలు వారానికోసారైనా అడుగుపెట్టే బడి లైబ్రరీ ఎవరికీ గుర్తుకు రాదు.

మస్కట్‌లో ఇండియన్ స్కూల్ 1975లో మొదలైంది. ఇప్పుడు సలాలా, సోహార్, నిజ్వా, సూర్‌లతో కలిపి ఒమాన్‌లో భారతీయ పాఠశాలలు 20కి పైనే. ఒకే బెంచీ మీద మలయాళీ, తమిళ, మరాఠీ, తెలుగు పిల్లలు కూర్చుంటారు. (ఒమానీల ఇళ్లలో మాత్రం అరబ్బీ ఒక్కటేనా? కొందరిది బలూచీ, కొందరిది స్వాహిలీ, ధోఫార్ కొండల్లో జిబ్బాలీ.) చదువు ఇంగ్లీషులో కాబట్టి లైబ్రరీ నిండా ఇంగ్లీషు పుస్తకాలుండటంలో వింతేమీ లేదు. మిగతా భాషల పుస్తకాల్ని ఎక్కడ, ఎలా పెడుతున్నామన్నదే అసలు సంగతి.

చాలా బడుల్లో పుస్తకాలు సర్దేది 1876లో అమెరికాలో పుట్టిన డ్యూయీ పద్ధతిలో. సాహిత్యానికి అందులో 800లు. ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ లాంటి భాషలకు విడివిడిగా గదులున్నాయి. మనమంతా 890ల్లో ఇరుక్కుని సర్దుకోవాలి. హిందీ 891.43, అరబ్బీ 892.7, తమిళం 894.811, మలయాళం 894.812, కన్నడం 894.814, తెలుగు 894.827. అంకెలదేముంది అంటారా? ఆ అంకెల వరసలో పెడితే మన పుస్తకాలు సాహిత్యంలో చిట్టచివరికి చేరతాయి. అక్కడ "ఇతర భాషలు" అని ఓ చీటీ, పైగా బీరువాకి తాళం. తొమ్మిదేళ్ల పిల్ల ఆ చీటీ చదివి, ఆ "ఇతర" తనేనని అర్థం చేసుకుంటుంది.

రంగనాథన్ గారు 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో ఒకటి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలని. తాళం వేశాక ఎలా దొరుకుతాడు? 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవకెక్కించి కాలువ వెంట ఊళ్లకు చేర్చారు. మనకు కావలసింది పిల్లల చేతికందే ఎత్తులో ఒక అర, అంతే.

ఆ అరలో ఏముండాలి? మనం చదివి పక్కన పడేసిన నవలలు కాదు. నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక ఒకే బొమ్మల కథను అనేక భారతీయ భాషల్లో అచ్చువేస్తాయి. ఆ ప్రతులన్నిటినీ అంకెల్ని పక్కనబెట్టి ఒకేచోట ఉంచాలి. ఇంగ్లీషులో కథ చదివేసిన పిల్లకి తెలుగు ప్రతి తెరవగానే కథ తెలుసు, బొమ్మ తెలుసు, మాట ఇంట్లో విన్నదే. తెలియనిది అక్షరం ఒక్కటే. అక్షరాలు నేర్చుకోవడానికి అంతకంటే తేలిక దారి నాకైతే కనబడలేదు. పక్కన కన్నడం చదివే స్నేహితుడుంటే మరీ మంచిది, మన అక్షరాలు చాలా మటుకు వాడే గుర్తుపడతాడు. కొనడానికి డబ్బుల్లేవంటే, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 నుంచి వందల భాషల కథలు ఉచితం, అచ్చు తీసుకోవచ్చు కూడా. అరబ్బీ కథలూ ఉన్నాయి.

ఒక జాగ్రత్త. "నువ్వు తెలుగమ్మాయివి కదా, నీ అర అదిగో" అని ఏ పిల్లనీ అటు తోలకూడదు. ఆమెకి ఆ రోజు హ్యారీ పాటర్ కావాలేమో! మలయాళీ కుర్రాడు మన పుస్తకంలో బొమ్మలు చూస్తానంటే చూడనివ్వాలి.

లైబ్రేరియన్‌కి తెలుగు రాకపోవచ్చు. పుస్తకాన్ని తలకిందులుగా పెట్టినా, ఇంటిపేరునీ అసలు పేరునీ తారుమారు చేసినా ఆయన్ని తప్పుపట్టలేం. మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుందని ఆయనకెవరు చెప్పారు? నెలకో పూట ఒక అమ్మో నాన్నో వెళ్లి, పుస్తకాల వీపు మీద తెలుగు లిపిలో పేర్లు రాసి అంటిస్తే, కంప్యూటర్లోకి కూడా ఎక్కిస్తే ఆ చిక్కు తీరుతుంది. కోహా లాంటి ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్ తెలుగు లిపిని శుభ్రంగా తీసుకుంటుంది. ఇక సెలవులకి ఊరెళ్లి వచ్చేటప్పుడు పెట్టెలో ఆవకాయ సీసా పక్కన నాలుగు పల్చటి బొమ్మల పుస్తకాలకు చోటుంటుంది. ఏవి కావాలో మాత్రం బయల్దేరే ముందే బడిలో అడిగి వెళ్లండి.