బై - రెండక్షరాల మాట, ఎన్నో అర్థాలు

ఇంగ్లీషు రాదనుకునే మన ఇండ్లల్ల గూడ రోజూ వినపడే ఇంగ్లీషు మాట ఒకటి ఉంది. అదే 'బై'. టాటా చెప్పేటప్పుడు అనే బై వేరు, కొనుడు అనే బై వేరు. ఆ రెండిటికీ మూడేసి అక్షరాలు. నేను చెప్పేది రెండే అక్షరాల బై: బీ, వై. ఇది చిన్నదే గాని కాగితాల మీద కనపడ్డప్పుడు జాగ్రత్తగా చదవాలె. పైసలు దాని మీదనే ఆధారపడి ఉంటయి.

ముందు మన బట్టల పనిలోనే చూద్దాం. ఆడవాళ్ళు దుకాణంల 'టూ బై టూ' రూబియా జాకెట్ గుడ్డ అడుగుతరు. అంటే పడుగుల రెండు పేటలు కలిపి పేనిన నూలు, పేకల గూడ అట్లాంటిదే. 'టూ బై వన్' అంటే పడుగు రెండు పేటలు, పేక ఒంటి పేట. టవల్ '30 బై 60' అంటే 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు. ఎంత జాగ అంటే గుణించాలె. అదే బెంగళూరు హోటల్ల కాఫీ 'వన్ బై టూ' అంటే ఒక కాఫీ ఇద్దరికి. అక్కడ భాగించాలె. మాట ఒకటే, టవల్ దగ్గర గుణకారం, కాఫీ దగ్గర భాగారం!

ఎందుకిట్ల? చిన్నప్పుడు బడిలో విభక్తులు చదివినం గదా: చేతన్, తోడన్, కొఱకున్. మన భాషలో అవి మాట వెనక వస్తయి. 'మేస్త్రి చేత', 'పదో తారీఖు కల్లా' అంటం. మరాఠీ, కన్నడ, తమిళం, ఒడియా గూడ అదే దారి. ఇంగ్లీషుల మాత్రం అది మాట ముందు నిలబడ్తది. పైగా మనం నాలుగైదు విభక్తులతో చేసే పని అక్కడ ఒక్క బై చేస్తది. అందుకని బై దగ్గర ఆగి అర్థం వెతకొద్దు. దాని తర్వాత ఏమున్నదో చూడాలె.

తర్వాత మనిషి ఉంటే 'చేత' అని అర్థం. బండి ఉంటే 'బై బస్', 'బై ట్రైన్', అంటే బస్సుల, రైల్ల. (నడిచి పోయినదానికి మనోళ్ళు 'బై వాక్' అంటరు గాని ఇంగ్లీషుల 'ఆన్ ఫుట్' అనాలె. పిల్లలకు చెప్పండి.) కొలత ఉంటే 'లెక్కన': మగ్గం కూలి మీటరు లెక్కన, బీడీల కూలి వెయ్యి లెక్కన. చోటు ఉంటే 'పక్కన'. బైపాస్ రోడ్డుల ఉన్నది ఈ బైయే, ఊరి పక్కనుంచి పోయే రోడ్డు. కవరు మూలన 'బై హ్యాండ్' అని ఉంటే పోస్టుల వెయ్యకుండ చేతికి ఇయ్యాలె. అట్ల ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద ముద్ర, తారీఖు వేయించుకొని రండి.

ఇంక పైసలకు సంబంధించినవి మూడు.

మొదటిది తారీఖు. 'బై 10' అంటే 10 నాడు అని కాదు, 10 కల్లా అని. ఒకటో తారీఖున ఇచ్చినా చెల్లుతది. నేను పనిచేసిన మిల్లుల ఒకసారి బాకీ పైసల ఫారాలకు ఇట్లనే ఇంగ్లీషుల నోటీసు పెట్టిన్రు. చాలామంది అది 10 నాడే అనుకున్నరు. ఆ పొద్దు గేటు బయటిదాక లైను. సాయంత్రం కిటికీ మూసిన్రు. మిగిలినోళ్ళ ఫారాలు పై నెలకు పోయినయి. అప్పు తెచ్చి ఇల్లు నడిపేటోళ్ళకు ఒక నెల అంటే చిన్న విషయం కాదు. నోటీసు కింద మన భాషల ఒక్క ముక్క రాసి ఉంటే ఆ తిప్పలు ఉండకపోవు. 'టిల్ 10' అంటే 10 వరకు, 'బై 10' అంటే 10 కల్లా, 'ఆన్ 10' అంటే 10 నాడు. ఈ మూడూ పిల్లలకు నేర్పండి.

రెండోది సంతకం. వోచరు కింద 'ప్రిపేర్డ్ బై', 'చెక్డ్ బై', 'రిసీవ్డ్ బై' అని గీతలుంటయి. రాసినోళ్ళు, చూసినోళ్ళు, పుచ్చుకున్నోళ్ళు అని అర్థం. 'రిసీవ్డ్ బై' దగ్గర సంతకమో వేలిముద్రో పెట్టినమంటే పైసలు ముట్టినయి అని ఒప్పుకున్నట్టే. పైసలు లెక్కపెట్టుకున్నంకనే పెట్టాలె. ఖాళీ వోచరు మీద అసలే పెట్టొద్దు.

మూడోది పెరుగుడు, తగ్గుడు. నెలకు 3000 వచ్చే మనిషికి 'రెడ్యూస్డ్ బై 1000' అంటే వెయ్యి తగ్గింది, చేతికి 2000 వస్తయి. 'రెడ్యూస్డ్ టు 1000' అంటే వెయ్యికి తగ్గింది, చేతికి వెయ్యే. మన భాషల గూడ చూడండి, 'వెయ్యి తగ్గింది', 'వెయ్యికి తగ్గింది'. ఒక్క 'కి'తో వెయ్యి రూపాయల తేడా.

కాగితం చేతికి రాంగనే బై ఎక్కడున్నదో చూసి దాని కింద పెన్సిలుతో గీత గీయండి. తర్వాత ఉన్నది తారీఖా, మనిషి పేరా, అంకెనా అని ఇంట్ల చదివే పిల్లను అడగండి. అట్ల అడిగితే మనకు కాగితం తెలుస్తది, పిల్లకు పాఠం గుర్తుంటది.