అమెరికా ఆదిమభాషలలో హల్లుల కూర్పు

కచటతప వర్గములతో వర్ణమాల నభ్యసించిన మనకు ఆ పట్టిక మానవవాక్కునకే సహజమైనదని తోచును. అందును పవర్గము మఱింత సహజమనిపించును. శిశువు తొలిపలుకులలో మ, ప, బ లుండుటయు, పెదవుల కదలిక కంటికి కానవచ్చుటయు ఈ తలంపును బలపఱచును. రోమన్ యాకొబ్సన్ 1941లో శిశుభాషను గూర్చి వ్రాసిన గ్రంథమునను ఓష్ఠ్యములకు మొదటి వరుసలోనే స్థానము లభించినది. అట్టి పవర్గము బొత్తిగా లేని భాషలు ఉత్తర అమెరికాలో కలవు.

17వ శతాబ్ది చివర కెనడాలో నివసించిన ఫ్రెంచి సైనికోద్యోగి లాఒంతాన్ 1703లో ప్రకటించిన యాత్రాగ్రంథమున నొక ముచ్చట కలదు. హ్యూరన్ జాతివానిచే ఓష్ఠ్యములు పలికింపవలెనని ఆయన నాలుగు దినములు పాటుపడి విఫలుడయ్యెనట. దీనిని చదివినవారు హ్యూరనులకు నోరు తిరుగలేదని నవ్వుకొనియుందురు. అచ్చతెలుగు మాటలలో మహాప్రాణములు లేవు; అంతమాత్రమున తెలుగువానికి నోరు తిరుగదని మన మొప్పుకొందుమా?

హ్యూరను భాషకు సోదరభాషయైన మోహాక్ న్యూయార్కు రాష్ట్రమునను కెనడాలోని క్విబెక్, ఒంటారియోలందును నేటికిని వ్యవహారమున నున్నది. దాని దేశ్యపదములలోని హల్లులు తొమ్మిదియే: త, క, కంఠబిలమును మూసి విడుచుటచే కలుగు స్పర్శము, స, హ, న, ర, య, వ. ఇందలి వకారమున పెదవులు గుండ్రనగునే కాని మూతపడవు. మోహాక్ అను పేరిట మకారమున్నదే యని యడుగవచ్చును. ఆ పేరు ఇరుగుపొరుగు జాతులు పెట్టినది. వారు తమ్ము తాము కన్యెన్కెహాక అని చెప్పుకొందురు. ఇందు వ్రాతలో నున్నది కకారమేయైనను అచ్చునకు ముందు చెవికి గకారముగా వినవచ్చును. తమిళమున నొకే కకారము తావును బట్టి రెండు విధముల పలుకబడుట యెఱిగినవారి కిది వింత కాదు. క్రైస్తవనామములు ఫ్రెంచివారి వెంట వచ్చినపుడు మారీ అనునది 'వారి' అయినది. జాన్ బాతిస్త్ 'సవాతిస్' అయినది. మకార బకారములు రెండును వకారముగా మాఱినవి. పెదవుల పని నిలిచినది, మూత మాత్రము పోయినది. ఇది యాదృచ్ఛికమైన అపభ్రంశము కాదు. మన వైయాకరణులు తద్భవములకు చెప్పిన వర్ణవికారములవలె క్రమబద్ధమైనది.

హల్లులు కొలదిగా నున్నందుననే ఓష్ఠ్యములు లేకపోయినవని సమాధానము చెప్పికొనవచ్చును. దక్షిణ అలాస్కా తీరమునందలి ట్లింగిట్ భాష దీనికి అడ్డుపడుచున్నది. అందు హల్లులు నలుబదికి పైబడియున్నవి. అయినను ప, బ, మ లు లేవు. మనము పలుకు సామాన్య లకారము పెక్కు మాండలికములలో కానరాదు. కాని నాలుక ప్రక్కలనుండి గాలిని రాపిడితో వెడలించు పార్శ్విక వర్ణములు మాత్రము అయిదు కలవు. ఆ జాతి స్త్రీలు పూర్వము క్రిందిపెదవికి రంధ్రము చేసి ఆభరణము ధరించెడివారు. పెదవులు కలియకపోవుటకు అదియే కారణమని యెవరికైన తోచుట సహజమే. ఈ యూహ ఇంపుగా నున్నది, కాని నిలువదు. అదే అలాస్కాలో ఇనూపియాక్ పురుషులును పెదవి కట్టి యాభరణములనే ధరించిరి. వారి భాషలో పకార మకారములు నిక్షేపముగా నున్నవి. నోటి నిర్మాణముతోను అలంకారముతోను హల్లుల పట్టికను వివరింప బూనుట వ్యర్థమని మా యభిప్రాయము.

ఏ హల్లు కలదు, ఏది లేదు అనుటతో విచారము ముగియదు. ఉన్న హల్లులు ఒక మాటలో నెట్లు కలియుననునది అంతకంటె ముఖ్యము. ఇందుకు దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు కుస్కో ప్రాంతమునందలి కెచువా మంచి తార్కాణము. ఇందు పవర్గము కలదు, దేశ్యపదములలో సరళములు లేవు. పరుషములు మాత్రము మూడేసి విధములు: అల్పప్రాణము, మహాప్రాణము, కంఠబిలమును మూసి స్వరయంత్రమును పైకి నెట్టి లోనిగాలిని చిటుక్కున విడుచుటచే కలుగు మూడవది. ఈ మూడవదానిని త' అని వ్రాయుదము. తన్త యనగా ప్రోగు, థన్త యనగా చినిగి పాతబడినది, త'న్త యనగా రొట్టె. అయితే మహాప్రాణము గాని ఈ మూడవది గాని ఒక ప్రాతిపదికయం దొక్కమాఱే రావలెను, అదియు మొదటి స్పర్శమునకే చెందును, ప్రత్యయములలో రాదు.

సంస్కృతము చదివినవారికి ఇచట దధాతి, బభూవ స్ఫురింపకమానవు. అభ్యాసమునందలి మహాప్రాణము అల్పప్రాణమగుటను పాణిని సూత్రించెను. గ్రీకు భాషలోను ఇట్టిదే కలదని 1863లో గ్రాస్మన్ నిరూపించెను. రెండు మహాప్రాణములు దగ్గఱ దగ్గఱ నిలువవనుట ఉభయత్ర సమానము. భేదమేమన, సంస్కృతమున మొదటిది ప్రాణమును కోల్పోవును. కెచువాలో మొదటిదే దానిని నిలుపుకొనును. ఏ సంబంధమును లేని రెండు భాషాకుటుంబములలో ఒకే కట్టుబాటు కానవచ్చుట మిక్కిలి విలువైన సాక్ష్యము.

ఇట్టి సాక్ష్యము పనికివచ్చుటకు విన్నవాని చెవి నమ్మదగినది కావలెను. 19వ శతాబ్దిలో పెక్కురు ఈ భాషలలో ధ్వనులు స్థిరముగా నుండవనియు, ఒకే మాట ఒకసారి ఒక రీతిని, మఱొకసారి మఱొక రీతిని పలుకబడుననియు వ్రాసిరి. 1889లో ఫ్రాంజ్ బోయస్ ఈ చాంచల్యము పలికినవానిది కాదని చూపెను. వినువాడు తనకు తెలియని ధ్వనిని తన భాషలోని ఏదో యొక ధ్వనిగా గ్రహించును. అది రెండింటికి నడుమ నున్నచో, ఒకమాఱు దీనిగను, ఒకమాఱు దానిగను వ్రాయును. తాను స్వయముగా ఎస్కిమోల నడుమ వ్రాసికొనిన ప్రతులనే ఆయన ఇందుకు పరీక్షించెను. తన తప్పునే ఆధారముగా గైకొనిన యా నిజాయితీ మాకు మిక్కిలి నచ్చినది.

ఈ ప్రమాదము మనకును దూరము కాదు. మన ద్రావిడ భాషలలోనే కువి, కొండ భాషలయందు మోహాకునందలి కంఠబిలస్పర్శము వంటిది కలదు. కొంతకాలము క్రిందట ఒక పరిశోధకుడు సేకరించిన కువి పదముల వ్రాతప్రతిని మేము చూచితిమి. ఒకే మాట ఒకచోట దీర్ఘముతోను, ఒకచోట ద్విత్వముతోను, ఇంకొకచోట ఏ గుర్తును లేకయు నున్నది. ఒకే మాటకు మూడు రూపాంతరము లున్నవని అతడు క్రింద వివరణమును వ్రాసెను. ధ్వనిముద్రణమును మరల వినగా మూడింటను గొంతు మూతపడుటయే వినవచ్చినది. దానికి తెలుగులిపిలో గుర్తు లేదు. క్రింది చుక్క లేని ప్రశ్నార్థకము వంటి చిహ్నమును ఆ మూడు తావులందును చేతితో వ్రాసి, వివరణమును కొట్టివేసితిమి.