సిరా ఉన్నా తెల్ల చారలెందుకు?

భద్రాచలం దగ్గర, గోదావరికి అవతల, సారపాకలో పెద్ద కాగితం మిల్లే ఉంది. కాగితానికి లోటు లేదు. కానీ వేసవి సెలవులయ్యాక ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరు ఆన్ చేస్తే, ప్రాజెక్టు బొమ్మ నిండా తెల్ల చారలు! ట్యాంకులో సిరా నిండుగా ఉంది. మరేమైంది?

కాగితం మీద అటూ ఇటూ పరుగెత్తేదే ప్రింట్ హెడ్. దాని అడుగున వెంట్రుక కంటే సన్నని రంధ్రాలు (నాజిల్స్) వందల్లో ఉంటాయి. కొన్ని ప్రింటర్లలో సిరా చటుక్కున వేడెక్కి, బుడగ పుట్టి, చుక్కను బయటికి తోస్తుంది. ఈ ఆలోచన కేనన్ కంపెనీకి 1977లో వచ్చింది. వేడిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్ సిరా నింపిన సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మిందట! ఎప్సన్ ప్రింటర్లలో వేడి ఉండదు. కరెంటు తగిలితే వంగే చిన్న పలక సిరాను నెడుతుంది.

45 డిగ్రీల ఎండలో మూత తీసి వదిలేసిన స్కెచ్ పెన్ను ఏమవుతుంది? ఈ రంధ్రాలకూ అదే గతి. సిరాలోని నీరు ఆవిరై రంగు గడ్డకట్టి రంధ్రాన్ని మూసేస్తుంది; అక్కడ తెల్ల చార పడుతుంది.

అందుకే స్విచ్చి బోర్డు దగ్గర కాకుండా ప్రింటరు బటన్‌తోనే ఆపాలి. అప్పుడే హెడ్ తన మూత మీదికి చేరుతుంది. చారలొస్తే ప్రింటరు మెనూలో ముందు 'నాజిల్ చెక్', తర్వాత 'క్లీనింగ్' నొక్కాలి. రెండు మూడుసార్లకూ పోకపోతే కొన్ని గంటలు ఆగాలి, గడ్డ నానుతుంది.

అదే పనిగా క్లీనింగ్ నొక్కితే? రంధ్రాల్లోంచి లాగిన సిరా అంతా లోపలున్న స్పాంజిలోకి పోతుంది. అది నిండితే చాలా ప్రింటర్లు పనే మానేస్తాయి.